రాయలసీమలో ఇటలీ బండి కొనాలంటే

ఆదివారం పొద్దున అనంతపురం టవర్ క్లాక్ దగ్గర నలుగురం బండ్ల పిచ్చోళ్ళం చేరి, ఉగ్గాని, బజ్జీ తింటూ మొదలుపెట్టిన మాట ఎటు తిరిగినా చివరికి ఇటలీ బండి డుకాటి దగ్గరికే వస్తుంది. "అన్నా, కువైట్‌లో మా బావకు ఒకటుంది, ఇంటికి వచ్చేటప్పుడు తెచ్చుకోవచ్చా?" అని ఒకరు. "బెంగళూరులో సెకండ్ హ్యాండ్ డుకాటి మాన్‌స్టర్ చూసినా, తీసుకుందామా?" అని ఇంకొకరు. నేను ఆరేళ్ళ కింద బెంగళూరు నుంచి ఒక సెకండ్ హ్యాండ్ డుకాటి స్క్రాంబ్లర్ తెచ్చుకున్నాను. ఆ బండి నేర్పినవి, స్నేహితుల బండ్ల దగ్గర చూసినవి కలిపి, ఏ పని తర్వాత ఏ పని చేయాలో ఇక్కడ రాస్తున్నాను. కర్నూలు, కడప, అనంతపురంలో ఉండేవాళ్ళకు నగరాల్లో ఉండేవాళ్ళకు లేని ఇబ్బందులు కొన్ని ఉంటాయి. అందుకే వాటిని దృష్టిలో పెట్టుకునే రాశాను.

బండి కన్నా ముందు సర్వీసు ఊరు

మొదట చేయాల్సింది బండిని ఎంచుకోవడం కాదు. దాన్ని సర్వీసుకు ఏ ఊరికి తీసుకెళ్తారో తేల్చుకోవాలి. మన మూడు ఊళ్ళలో డుకాటి షోరూం లేదు. అనంతపురం నుంచి బెంగళూరు సుమారు 210 కిలోమీటర్లు, కర్నూలు నుంచి హైదరాబాద్ కూడా దాదాపు అంతే. ఈ రెండు ఊళ్ళకూ నేషనల్ హైవే 44 ఒక్కటే దారి, రోడ్డు బాగుంటుంది. కడప వాళ్ళకు చెన్నై సుమారు 260 కిలోమీటర్లు, బెంగళూరు కూడా ఇంచుమించు అంతే.

ఈ దూరాన్ని కాగితం మీద లెక్క వేసుకోండి. కొత్త బండికి మొదటి సర్వీసు 1,000 కిలోమీటర్లకు వస్తుంది. షోరూం నుంచి ఇంటికి తెచ్చేసరికి 210 అయిపోతాయి, సర్వీసుకు తిరిగి వెళ్ళడానికి ఇంకో 210 పోతాయి. మధ్యలో మీరు తిరగడానికి మిగిలేది ఆరు వందల లోపే. పైగా రన్నింగ్-ఇన్‌లో, అంటే కొత్త ఇంజన్ కుదురుకునే ఆ మొదటి కిలోమీటర్లలో, ఇంజన్‌ను 6,000 ఆర్‌పీఎం దాటనివ్వకూడదు, అలాగని ఒకే వేగంలో గంటల తరబడి నడపకూడదు. హైవే మీద ఒకే గేరులో సాగిపోతే బాగుంటుంది కానీ, కొత్త ఇంజన్‌కు అది మంచిది కాదు. నేనైతే పెనుకొండ, గోరంట్ల లాంటి ఊళ్ళలోకి దిగి, గేర్లు మారుస్తూ, వేగం పెంచుతూ తగ్గిస్తూ రమ్మంటాను.

మీరు ఎంచుకున్న ఊరి సర్వీసు సెంటర్‌కు ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి. అపాయింట్‌మెంట్ ఎన్ని రోజుల ముందు తీసుకోవాలి? పొద్దున బండి ఇస్తే సాయంత్రానికి ఇస్తారా, రాత్రి ఉండాలా? బండి దారిలో ఆగిపోతే మా ఊరి దాకా ట్రక్కు పంపిస్తారా, పంపితే ఖర్చు ఎవరిది? మూడో ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే ఆ ఖర్చు మీదేనని అనుకుని బడ్జెట్ వేసుకోండి.

ఏ బండి

ఇటలీ బండి అనగానే అందరికీ గుర్తొచ్చేది బొలోన్యా నగరంలో 1926లో పుట్టిన డుకాటి. దాని ఇంజన్లలో చాలావాటికి డెస్మోడ్రోమిక్ (పొట్టిగా డెస్మో) అనే ఏర్పాటు ఉంటుంది. మామూలు ఇంజన్‌లో వాల్వును (గాలి, పెట్రోలు లోపలికి, పొగ బయటికి పోయే దారి మూత) కామ్ అనే తిరిగే భాగం తెరుస్తుంది, స్ప్రింగ్ మూస్తుంది. డెస్మోలో మూసే పని కూడా ఇంకో రాకర్ ఆర్మ్ (మీట లాంటి భాగం) చేస్తుంది. ఫాబియో టాలియోని అనే ఇంజనీరు 1950లలో దీన్ని డుకాటి రేసు బండ్లలోకి తెచ్చాడు. ఎంత వేగంగా తిరిగినా వాల్వు అదుపు తప్పదు. కానీ తెరిచేవైపు, మూసేవైపు రెండు చోట్లా క్లియరెన్స్ (సన్నటి ఖాళీ) చూసి సరిచేయాలి. ఆ పని తెలిసిన మెకానిక్కు, ఓపిక, డబ్బు మూడూ కావాలి.

అందుకే సర్వీసు ఊరికి దూరంగా ఉండే మనవాళ్ళు బ్రోచర్‌లో హార్స్‌పవర్ కన్నా ముందు వాల్వుల పని ఎన్ని కిలోమీటర్లకు వస్తుందో చూడాలి. ఎయిర్ కూలింగ్ ఉన్న 803 సీసీ స్క్రాంబ్లర్‌కు ప్రతి 12,000 కిలోమీటర్లకు వాల్వులు చూడాలి. 937 సీసీ మాన్‌స్టర్‌కు అదే పని 30,000కు వస్తుంది. 2021లో వచ్చిన నాలుగు సిలిండర్ల మల్టీస్ట్రాడా వీ4లో డుకాటి డెస్మోను పక్కన పెట్టి మామూలు స్ప్రింగులు వాడింది, దాంతో వాల్వుల పని 60,000కు వెళ్ళింది. స్క్రాంబ్లర్ సాదా బండి కదా, ఖర్చు తక్కువేమో అని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని కొన్నాను. అది నాకు ఇష్టమైన బండి, ఈ రోజుకీ అమ్మాలని లేదు. కానీ ఏడాదికి పది వేల కిలోమీటర్లు తిరిగేవాళ్ళు ఈ లెక్క తెలిసి కొనాలి.

మొదటిసారి ఇటలీ బండి కొనే కుర్రాళ్ళకు నేను గట్టిగా చెప్పేది అప్రీలియా 457. అప్రీలియా పియాజియో కంపెనీది. ఆర్‌ఎస్ 457 మహారాష్ట్రలోని బారామతి ఫ్యాక్టరీలో తయారవుతుంది. 2023 డిసెంబర్‌లో 4.10 లక్షల ఎక్స్-షోరూం ధరకు వచ్చింది. 2025లో హ్యాండిల్ ఎత్తుగా ఉండే ట్యువోనో 457 వచ్చింది. ఇక్కడే తయారీ కాబట్టి ఇంపోర్టు డ్యూటీ గొడవ లేదు. ఇంజన్‌కు రెండు సిలిండర్లు, 47 హార్స్‌పవర్ పైచిలుకు, యూరప్‌లో కొత్త రైడర్లకు పరిమిత శక్తి బండ్ల కోసం ఇచ్చే ఏ2 లైసెన్సు హద్దుకు సరిపోయేలా కట్టారు. డిజైన్ ఇటలీది, తయారీ బారామతిది. నడిపితే ఇటలీ బండి నడిపినట్టే ఉంటుంది.

బెనెల్లి సంగతి కూడా విడమరిచి చెప్పాలి. ఇటలీలోని పెసారోలో 1911లో పుట్టిన పేరు అది. 2005 నుంచి చైనాకు చెందిన చియాన్‌జియాంగ్ కంపెనీ చేతిలో ఉంది. టీఆర్‌కే 502, లియొన్చినో లాంటి బండ్లు తయారయ్యేది చైనాలో. ఇండియాలో ఈ బ్రాండు వ్యవహారం హైదరాబాద్ నుంచి నడుస్తుంది కాబట్టి కర్నూలు వాళ్ళకు స్పేర్ల విషయంలో అది కొంత మేలు. బరువైన బండి మీద నెమ్మదిగా దూరాలు పోవాలనుకునేవాళ్ళకు టీఆర్‌కే మంచిదే. ఇటలీ నుంచి వచ్చిందని అమ్మేవాళ్ళు చెబితే మాత్రం నమ్మకండి.

మోటో గుజ్జి నా కలల బండి. 1921 నుంచి కోమో సరస్సు ఒడ్డున మాండెల్లోలో తయారవుతోంది. రెండు సిలిండర్లు ట్యాంకుకు అటొకటి ఇటొకటి బయటికి పొడుచుకుని ఉంటాయి. వెనక చక్రాన్ని తిప్పడానికి చైన్ ఉండదు, షాఫ్ట్ ఉంటుంది. వీ7 లాంటి బండికి వాల్వులు ఇంటి దగ్గరే, మామూలు పానాలతో సరిచేసుకోవచ్చు. మన దుమ్ముకు, మన దూరాలకు ఇంతకన్నా తగిన ఏర్పాటు లేదు. కానీ ఇక్కడ బండ్లే అరుదు, స్పేర్లు ఇంకా అరుదు. ఎంవీ అగుస్టా అంతకన్నా కష్టం. వరేసె దగ్గర తయారయ్యే ఆ బండ్ల అందానికి సాటి లేదంటాను. అయినా దాన్ని రెండో బండిగా తప్ప మొదటి బండిగా కొనకండి.

విదేశం నుంచి తెప్పించడం

దీనికి మూడు దారులున్నాయి. మొదటిది కంపెనీయే తెప్పించి షోరూంలో అమ్మే బండి. మన దేశపు పరీక్షలు, సర్టిఫికెట్లు అన్నీ కంపెనీ చూసుకుంటుంది. ఒక సంగతి తెలుసుకోండి: ఆసియాకు వచ్చే డుకాటిలలో చాలా భాగం థాయ్‌లాండ్‌లోని రయోంగ్ ఫ్యాక్టరీలో కడతారు. అది తక్కువేం కాదు, బండిలో తేడా ఉండదు. "నాది అసలైన ఇటలీది" అని ఎవరైనా సెకండ్ హ్యాండ్‌కు ఎక్కువ ధర చెబితే ఛాసిస్ నంబర్ చూడండి. ఇటలీ నంబర్లు జెడ్ అక్షరంతో మొదలవుతాయి. డుకాటికి జెడ్‌డీఎం, అప్రీలియాకు జెడ్‌డీ4, మోటో గుజ్జికి జెడ్‌జీయూ, ఎంవీ అగుస్టాకు జెడ్‌సీజీ.

పన్నుల లెక్క కూడా తెలుసుకుంటే షోరూం ధర ఎందుకంత ఉందో అర్థమవుతుంది. 2025 బడ్జెట్‌లో, పూర్తిగా తయారై వచ్చే 1600 సీసీ లోపు కొత్త బండ్ల మీద కస్టమ్స్ డ్యూటీని 50 శాతం నుంచి 40కి తగ్గించారు. అదే ఏడాది సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాటిన బండ్లకు జీఎస్టీ 40 శాతం అయింది. ఓడ కిరాయి, ఇన్సూరెన్సు కలుపుకుని ఒక బండి మన రేవుకు 10 లక్షలకు చేరిందనుకుందాం. డ్యూటీ 4 లక్షలు పడితే 14 అవుతుంది. జీఎస్టీని ఆ 14 మీద వేస్తారు, 10 మీద కాదు. అంటే ఇంకో 5.6 లక్షలు. మొత్తం 19.6 లక్షలు. దీని మీద లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్సు వేరే. ఎవరైనా "అక్కడ సగం ధరకే దొరుకుతుంది" అంటే ఈ లెక్క వేసి చూపించండి.

రెండో దారి, మీరే ఒక్క కొత్త బండి తెప్పించుకోవడం. ఇందులో అడ్డం పడేది డ్యూటీ కన్నా సర్టిఫికెట్లు. మన దేశపు మోటారు వాహన నిబంధనలకు ఆ బండి సరిపోతుందని రుజువు ఉండాలి. కాలుష్యం విషయంలో బీఎస్6 ప్రమాణం అందుకోవాలి. పుణేలో ఉన్న ఏఆర్‌ఏఐ లాంటి సంస్థలు చేసే పరీక్షలకు అయ్యే ఖర్చు వేల బండ్లు అమ్మే కంపెనీకి గిట్టుబాటు అవుతుంది గానీ ఒక మనిషికి కాదు. ఇక్కడ అమ్మని మోడల్ మీద మనసు పడ్డా సరే, ఈ దారి వద్దనే నా సలహా.

మూడోది, కడప, రాజంపేట, రాయచోటి వైపు నుంచి ఎక్కువగా వినే ప్రశ్న. గల్ఫ్‌లో వాడిన బండిని తిరిగి వచ్చేటప్పుడు తెచ్చుకోవచ్చా? అక్కడ ఒకసారి రిజిస్టర్ అయిందంటే మన చట్టం దాన్ని పాత బండిగానే చూస్తుంది. పాత బండికి తయారై మూడేళ్ళు దాటకూడదు. ముంబై రేవు నుంచి మాత్రమే రావాలి. మన మోటారు వాహన చట్టానికి సరిపోవాలి, ఇంకో ఐదేళ్ళు రోడ్డు మీద తిరగగలదని సర్టిఫికెట్ ఉండాలి. డ్యూటీ కొత్త బండి కన్నా చాలా ఎక్కువ. ఇంటికి తెచ్చుకునే సామాన్ల కిందికి వస్తుందేమో అని కొందరు ఆశపడతారు. కస్టమ్స్ చట్టంలో లగేజీ అనే మాటకు ఇచ్చిన అర్థంలోనే మోటారు వాహనాలు ఉండవని రాసి ఉంది. కాబట్టి ఆ మినహాయింపు దొరకదు.

అంతా కట్టి తెచ్చుకుందామన్నా, గల్ఫ్ కోసం తయారైన బండి బీఎస్6కు సరిపోతుందా అన్న ప్రశ్న మిగులుతుంది. కంపెనీ నుంచి ఆ మేరకు ఉత్తరం చేతికి రాకుండా ఓడ ఎక్కించవద్దు. కువైట్‌లోని బావ బండిని అక్కడే మంచి ధరకు అమ్మి, ఆ డబ్బుతో ఇక్కడ షోరూం బండి కొనుక్కోవడం మేలు. ఎంత ప్రేమగా చూసుకున్న బండైనా సరే. ఇది చెప్పడానికి నాకూ కష్టంగానే ఉంటుంది.

ఇంకొక హెచ్చరిక. విదేశీ యాత్రికులు కార్నే అనే పత్రం మీద తాత్కాలికంగా బండి తెస్తారు. అలాంటి బండికి డ్యూటీ కట్టరు కాబట్టి దాన్ని ఇక్కడ అమ్మకూడదు, తిరిగి తీసుకెళ్ళాలి. స్పేర్ల పేరుతో ముక్కలుగా దింపి ఇక్కడ బిగించిన బండ్లు కూడా కస్టమ్స్ వాళ్ళకు పట్టుబడుతుంటాయి. ధర నమ్మలేనంత తక్కువగా ఉంటే మొదట అడగాల్సింది బిల్ ఆఫ్ ఎంట్రీ. కస్టమ్స్‌లో డ్యూటీ కట్టినట్టు చూపించే పత్రం అదే. ఇంపోర్టు బండిని ఆర్టీఓలో రిజిస్టర్ చేయాలంటే కస్టమ్స్ క్లియరెన్స్ కావాల్సిందే.

సెకండ్ హ్యాండ్ చూడటానికి వెళ్ళినప్పుడు

మనలో ఎక్కువమందికి ఇదే అసలు దారి, కాబట్టి ఇక్కడ నిదానంగా చదవండి.

పొద్దున్నే వెళ్ళండి. "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని ముందే చెప్పండి. వెళ్ళగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే, చల్లటి ఇంజన్ చేసే శబ్దాన్ని మీకు వినిపించడం వాళ్ళకు ఇష్టం లేదని అర్థం. చల్లగా ఉన్నప్పుడు ఒక్క నొక్కుకే అందుకోవాలి. పాత డుకాటిలలో చాలావాటికి డ్రై క్లచ్ (నూనెలో మునగని క్లచ్) ఉంటుంది, న్యూట్రల్‌లో గలగలమంటుంది. అది జబ్బు కాదు, దాని గొంతే అంత. కొత్త మోడళ్ళలో అలాంటి చప్పుడు వస్తే మాత్రం ఆలోచించాలి.

తర్వాత సర్వీసు పుస్తకం. వాల్వుల పని ఎన్ని కిలోమీటర్లకు చేశారో బిల్లుతో సహా చూపించమనండి. 803 స్క్రాంబ్లర్, 937 మాన్‌స్టర్ లాంటి రెండు సిలిండర్ల డుకాటిలలో కామ్‌లను తిప్పేది రబ్బరు బెల్టులు. ఆ బెల్టులకు కిలోమీటర్లతో పాటు కాలపరిమితి కూడా ఉంటుంది, ఐదేళ్ళు దాటనివ్వకూడదు. "బండి 7,000 మాత్రమే తిరిగింది, కొత్తదే" అని అమ్మేవాళ్ళు గర్వంగా చెబుతారు. ఆరేళ్ళలో 7,000 తిరిగిన బండికి బెల్టులు మార్చలేదంటే అది కొత్తది కాదు, ప్రమాదకరమైనది. బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజన్ పోతుంది. మార్చిన బిల్లు లేకపోతే, బెల్టులకు, వాల్వుల పనికి కలిపి సర్వీసు సెంటర్ ఎంత చెబుతుందో కనుక్కుని ఆ మొత్తాన్ని ధరలోంచి తగ్గించమనండి.

ట్యాంకు చూడండి. 2000ల చివర్లో వచ్చిన కొన్ని డుకాటిలకు ప్లాస్టిక్ ట్యాంకులుండేవి. పెట్రోలులో ఇథనాల్ కలిస్తే అవి ఉబ్బేవి. అమెరికాలో ఓనర్లు దీని మీద కోర్టుకు కూడా వెళ్ళారు. ఇప్పుడు మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే. ట్యాంకు అడుగు అంచులు ఫ్రేముకు ఆనుకున్నాయా, ముందు భాగం హ్యాండిల్‌కు తగులుతోందా, సీటు సరిగా కూర్చుంటోందా చూడండి.

ఫ్రంట్ ఫోర్క్ సీళ్ళ దగ్గర నూనె తడి, వీల్ రిమ్ములకు సొట్టలు, డిస్కుల మందం ఇవి ఏ బండికైనా చూసేవే. హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు, కుడికి తిప్పి ఆగే చోట ఫ్రేము మీద గుంట పడిందేమో వేలితో తడమండి. పడిన బండి అక్కడ దొరికిపోతుంది. పెయింట్ వేసి మిగతావన్నీ దాచగలరు గానీ దాన్ని దాచడం కష్టం.

చివరగా ఒక మల్టీమీటర్. ఐదారు వందల రూపాయల వస్తువు, జేబులో పెట్టుకుని వెళ్ళండి. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఇంజన్ 3,000–4,000 ఆర్‌పీఎంలో తిరుగుతుంటే 13.8 నుంచి 14.4 మధ్య చూపాలి. ఇంతగా ఎందుకు చెబుతున్నానో తర్వాత రాస్తాను.

పేపర్లు

ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబర్ కొట్టి ఆర్‌సీ స్టేటస్, ఇన్సూరెన్స్, లోను, చలాన్లు చూసుకోండి. లోను కనిపిస్తే, అది తీరిపోయిందన్న మాట నోటితో వినొద్దు. లోను తీరినట్టు బ్యాంకు ఇచ్చిన ఫారం 35, ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కళ్ళతో చూడండి. కడపలో నా స్నేహితుడొకడు "వారంలో తెచ్చిస్తా" అన్న మాట మీద పూర్తి డబ్బు ఇచ్చేశాడు. ఆ వారం ఏడు నెలలైంది. అన్నాళ్ళూ బండి షెడ్డులోనే ఉంది, వాడికి నిద్ర లేదు. అప్పటి నుంచి మా వాళ్ళందరికీ నేను చెప్పేది, పేపరు చేతికొచ్చాకే చివరి విడత డబ్బు.

కర్ణాటక లేదా తెలంగాణ బండిని మన వైపు తెస్తే అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ రావాలి. యాజమాన్యం మార్పుకు ఫారం 29, 30. ఇక్కడ కొత్త నంబరుకు ఫారం 27. ఇంకో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి బండి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలని మోటారు వాహన చట్టం చెబుతుంది. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాలి. బండి వయసును బట్టి అది తగ్గుతుంది. అక్కడ కట్టిన లైఫ్ ట్యాక్స్‌లో మిగిలిన భాగం వాపసు అడగొచ్చు, దానికి కావాల్సిన రసీదులు అమ్మేవాళ్ళ దగ్గర ఆ రోజే తీసుకోండి. ఆ తర్వాత వాళ్ళు ఫోన్ ఎత్తకపోవచ్చు. ఇప్పుడు రాష్ట్రమంతటికీ ఏపీ39తో మొదలైన ఉమ్మడి సిరీస్ కాబట్టి అనంతపురం ఏపీ02, కడప ఏపీ04, కర్నూలు ఏపీ21 నంబర్లు కొత్తగా రావు. పాత ఏపీ02 నంబరు మీద ప్రేమున్న నాలాంటి వాళ్ళకు కొంచెం బాధే.

ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ ఒక్కటే తీసుకుని ఊరుకోకండి. ఒక్క సైడ్ మిర్రర్ లేదా లివర్ విరిగినా ధర మన ఊహకు అందదు. జీరో డిప్రిసియేషన్ (పార్టుల పాతదనానికి కోత వేయని పాలసీ), రోడ్ సైడ్ అసిస్టెన్స్ రెండూ తీసుకోండి. అసిస్టెన్స్ ఎన్ని కిలోమీటర్ల వరకు బండిని మోసుకెళ్తుందో పాలసీలో చదవండి. యాభై కిలోమీటర్లే అని రాసి ఉంటే అది మన ఊళ్ళకు పనికిరాదు.

ఇంటికి తెచ్చాక: ఎండ, పెట్రోలు, నీళ్ళు

ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 42 డిగ్రీలు మామూలే. డుకాటి రెండు సిలిండర్ల ఇంజన్‌లో వెనక సిలిండరు సరిగ్గా మీ తొడల కింద ఉంటుంది. కర్నూలు రాజ్‌విహార్ సెంటర్లోనో, కడప ఏడు రోడ్ల దగ్గరో మధ్యాహ్నం సిగ్నల్ పడితే ఆ వేడి జీన్స్ దాటి వస్తుంది. వీ4 బండ్లలో అందుకే ఆగినప్పుడు వెనక సిలిండర్లు వాటంతట అవే పనిచేయడం మానేసే ఏర్పాటు పెట్టారు. ఎయిర్ కూలింగ్ బండికి గాలే ప్రాణం, అరనిమిషం దాటి ఆగాల్సి వస్తే ఇంజన్ ఆపేయండి. ఎండాకాలంలో రైడ్ పొద్దున ఐదింటికి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకల్లా ఇంటికి చేరుకునేలా చూసుకోండి. గండికోటకు వెళ్ళినా, నల్లమల ఘాట్‌కు వెళ్ళినా ఇదే లెక్క. తాడిపత్రి, బేతంచెర్ల వైపు నాపరాళ్ళ లారీల నుంచి జారిన బురద పొడి, రాతి ముక్కలు మలుపుల్లో పడి ఉంటాయి. అక్కడ బండిని ఎంత వంచాలనిపించినా వంచకండి.

పెట్రోలు విషయంలో మాన్యువల్ 95 ఆక్టేన్ (ఇంజన్‌లో పెట్రోలు ముందే పేలకుండా తట్టుకునే కొలత) అడుగుతుంది. మామూలు బంకు పెట్రోలు చాలాకాలం 91గా ఉండేది. ఎక్స్‌పీ95, పవర్95 లాంటివి ఏ బంకులో దొరుకుతాయో మీ ఊళ్ళోనూ, మీరు తరచుగా పోయే దారిలోనూ ముందే చూసి పెట్టుకోండి. బండిని నెల రోజులు నడపకుండా ఉంచాల్సి వస్తే ట్యాంకు నింపి ఉంచండి. ఖాళీ ట్యాంకులో గాలి తేమను ఇథనాల్ పీల్చుకుంటుంది.

నీళ్ళ సంగతి బయటివాళ్ళకు తెలియదు. మన బోరు నీళ్ళు ఎంత గట్టివో మన బకెట్ల అడుగున పేరుకున్న తెల్లటి పొర చెబుతుంది. రేడియేటర్‌లో ఆ నీళ్ళు ఒక్క గ్లాసు కూడా పోయకండి. సిద్ధంగా కలిపి అమ్మే కూలెంటే పోయండి. దారిలో తప్పనిసరైతే డిస్టిల్డ్ వాటర్ కొనండి, బ్యాటరీ షాపుల్లో దొరుకుతుంది. బోరు నీళ్ళతో కడిగితే తడి ఆరకముందే మెత్తటి బట్టతో తుడవండి. లేకపోతే ఎర్ర పెయింటు మీద తెల్ల మచ్చలు మిగిలిపోతాయి. ఎండలో అస్సలు కడగొద్దు.

చైన్‌ను ఐదు వందల కిలోమీటర్లకోసారి కిరోసిన్ బట్టతో తుడిచి చైన్ లూబ్ కొట్టండి. ఇంజన్ ఆయిల్ మాన్యువల్‌లో చెప్పిన గ్రేడే వాడాలి. నా బండికి 15డబ్ల్యూ-50. ఒక లీటరు ఇంట్లో ఉంచుకుంటాను, ఎందుకంటే ఇక్కడి షాపుల్లో అడిగితే వేరే గ్రేడు చూపించి "ఇదీ ఒకటే" అంటారు. ఒకటి కాదు.

ఇప్పుడు మల్టీమీటర్ సంగతి. రెండేళ్ళ కింద మే నెలలో కర్నూలు నుంచి వస్తుంటే గుత్తి దాటాక మీటరు మసకబారింది, తర్వాత ఇంజన్ ఆగిపోయింది. రెగ్యులేటర్ రెక్టిఫయర్ కాలిపోయింది. ఇంజన్ తయారుచేసే కరెంటును అదుపులో పెట్టి బ్యాటరీకి పంపే డబ్బా అది. ఎండకు, ఇంజన్ వేడికి మధ్య నలిగిపోతుంది. టాటా ఏస్ మాట్లాడుకుని, బండిని నిలబెట్టి, ముందు ఫోర్కును రెండు వైపులా బెల్టులతో కట్టుకుని అనంతపురం చేరాను. కట్టేటప్పుడు డ్రైవర్ అన్న తాడును హ్యాండిల్ చివర్లకు కట్టబోయాడు. ఆపి, కింది క్లాంపు దగ్గర కట్టించాను. మీరూ అలాగే కట్టించండి. హ్యాండిల్‌కు కడితే కుదుపులకు వంగిపోతుంది. స్పేరు పార్టు రావడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. అప్పటి నుంచి నెలకోసారి వోల్టులు చూస్తాను. 13.5 దిగువకు వస్తే దూరం పోను.

స్పేర్లు విదేశం నుంచి తెప్పించుకోవచ్చు. కొరియర్‌లో వచ్చినా కస్టమ్స్ డ్యూటీ, జీఎస్టీ పడతాయి, కొరియర్ వాళ్ళు మీ కేవైసీ అడుగుతారు. పార్టు నంబరును కంపెనీ పార్ట్స్ కేటలాగులో మీ ఛాసిస్ నంబరుతో సరిచూసుకున్నాకే ఆర్డర్ పెట్టండి. ఒకే మోడల్‌లో రెండేళ్ళకు పార్టు మారిపోతుంటుంది, తిరిగి పంపడం అయ్యే పని కాదు. నేను ఇంట్లో ఎప్పుడూ ఉంచేవి: క్లచ్ లివర్, బ్రేక్ లివర్ ఒక్కోటి, ముందు బ్రేక్ ప్యాడ్లు, స్పార్క్ ప్లగ్గులు, ఆయిల్ ఫిల్టర్, ఫ్యూజులు. బండి సీటు కింద ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్, చిన్న గాలి పంపు. సైలెన్సర్ మాత్రం కంపెనీదే ఉంచండి. మార్చిన దానికి పోలీసు చలానే కాదు, ఫ్యూయల్ మ్యాప్ (ఇంజన్‌కు ఎంత పెట్రోలు పోవాలో చెప్పే సెట్టింగు) సరిచేయకపోతే ఇంజన్ ఇంకా వేడెక్కుతుంది.

మీ ఊళ్ళో ఒక మంచి మెకానిక్కును కూడా వెతుక్కోండి. ఇంజన్ విప్పడానికి కాదు. చైన్ బిగువు, బ్రేక్ ప్యాడ్లు, టైర్లు, బ్యాటరీ లాంటి పనులకు. బోల్టును సరిగ్గా చెప్పినంతే బిగించే టార్క్ రెంచ్ వాడేవాడై ఉండాలి, లేదా మీరు కొన్న టార్క్ రెంచ్‌ను ఓపికగా వాడేవాడైనా చాలు. మా దగ్గర అరవై దాటిన పెద్దాయన ఒకరున్నారు. కుర్రతనంలో లాంబ్రెట్టాలు, వెస్పాలు విప్పి బిగించినాయన. నా స్క్రాంబ్లర్ మొదటిసారి తీసుకెళ్ళినప్పుడు ఏ బోల్టు ముట్టకుండా చుట్టూ రెండుసార్లు తిరిగి, "మాన్యువల్ తెచ్చినావా నాయనా?" అని అడిగారు. అలా అడిగేవాళ్ళ చేతికే బండి ఇవ్వండి. ఆ మాన్యువల్ ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించి, ఒక కాపీ ఆయన షాపులోనే పెట్టాను.